పద్యం మీద ఒట్టు

మా చిన్నతనంలో కమలాపురంలో అందరికీ పద్యాలు వచ్చేవంటే అబద్ధమవుతుంది. వచ్చినవాళ్ళలో మాత్రం చదువురానివాళ్ళే ఎక్కువ. చెనిక్కాయ చేలో కలుపు తీసే ఆడవాళ్ళు, ఎద్దులబండి తోలేవాళ్ళు, రైల్వేస్టేషన్ దగ్గర టీ కాసే సాయిబు, పని ఉన్నా లేకున్నా తాలూకాఫీసు చెట్టు కింద కూర్చునే ముసలివాళ్ళు... వీళ్ళ మాటల నడుమ వేమన్న వచ్చి పోతుండేవాడు. రాగం ఎవరూ తీసేవాళ్ళు కాదు. "యేమన్న చెప్పలేదా?" అని మొదలుపెట్టి, పద్యాన్ని మామూలు మాటలాగే అనేసి, "మరి?" అని ఎదుటివాని మొహంలోకి చూసేవాళ్ళు. ఎదుటివాడు బదులు చెప్పాల్సిందే. తప్పించుకోవడానికి లేదు.

నేను చెప్తున్నది 1960ల సంగతి. మాది అప్పుడు తాలూకా కేంద్రం. మద్రాసు–బొంబాయి రైలుమార్గం మీద స్టేషను. ఊరి పక్కన పాపాఘ్ని ఏరు. వానాకాలం పోతే ఇసకే, ఆ ఇసకలో చెలమలు తీసి నీళ్ళు తోడుకునేవాళ్ళు. అక్కడికి కొంచెం దూరంలోనే అది పెన్నలో కలుస్తుంది. ఊర్లో గఫార్ షా ఖాద్రి దర్గా. ఉరుసొస్తే బండ్లు కట్టుకుని చుట్టుపక్కల పల్లెలన్నీ దిగేవి, తెల్లవార్లూ కవ్వాలీలు. మా జేజి శనివారం ఒక్కపొద్దు ఉండేది, దర్గాలో చక్కెర చదివింపులూ చేయించేది. రెండింటికీ తేడా ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినే మనిషి కాదు.

ఈమధ్య సభల్లోనూ పత్రికల్లోనూ ఒక మాట తరచూ వినబడుతోంది. కవిత్వంలో భక్తి పోయింది, దాంతోపాటు నీతీ పోయింది, ఆనాటి పద్యంలో ఉన్న విలువలు ఈనాటి కవితలో లేవు అని. చెప్పేవాళ్ళు ఎక్కువగా నా ఈడువాళ్ళే. నేనూ ముసలివాణ్ణే కనుక తల ఊపడం సులభం. కానీ ఆ భక్తీ నీతీ కలిసి తిరిగిన ఊర్లో పెరిగినవాణ్ణి. ఏది ఎప్పుడు పోయిందో నాకు కొంత కనబడింది.

మా జేజికి అక్షరం రాదు. వేమన్న, బ్రహ్మంగారి తత్వాలు, దాశరథి శతకంలో కొన్ని, ఎవరు రాసినారో తెలియని జోలపాటలు, ఇదంతా ఆమె నోట్లో ఉండేది. మేం పిల్లలం ఏదైనా పోట్లాట తెచ్చుకుంటే మమ్మల్ని నిలబెట్టి, "ముందర పద్దెం చెప్పుర్రా, తర్వాత మీ కత చెప్పండి" అనేది. పద్యం చెప్పినాక కత కొంచెం కురచయ్యేది. చెప్పాలనుకున్న అబద్ధంలో సగం గొంతులోనే నిలిచిపోయేది. అదేం మంత్రం కాదు. ఆ పద్యం ఆమె ఎన్నిసార్లు ఎంతమంది దగ్గర వాడిందో మాకు తెలుసు, అందుకని.

ఒక సంగతి బాగా గుర్తు. మా వీధిలో ఒక అప్పు తగవు వచ్చింది. నోటు రాసుకోలేదు. ఉన్న ఒక్క సాక్షి చచ్చిపోయినాడు. తీసుకున్నాయన "నేను తీసుకోలా" అన్నాడు. మామూలుగా అయితే గుడి ముందర కర్పూరం ఆర్పి ప్రమాణం చేయించేవాళ్ళు. ఆరోజు పంచాయితీలో కూర్చున్న ఒక పెద్దాయన, "కర్పూరం యెందుకప్పా, దేవుణ్ణి యెందుకు లాగడం. ఒక పద్దెం సగం నేను చెప్తా, తక్కిన సగం నువ్వు చెప్పు, చాలు" అన్నాడు. మాట తప్పినవాణ్ణి గురించిన పద్యం అది. తీసుకున్నాయనకు అది వచ్చునని వీధి మొత్తానికి తెలుసు. ఆయన నోరు తెరిచినాడు, మూసినాడు, పై పంచె సర్దుకున్నాడు. చివరకు, "పంట రానీ, సూస్తా" అన్నాడు. పంట వచ్చింది, అసలు ఇచ్చినాడు. వడ్డీ మాత్రం ఇయ్యలేదు.

పద్యం అంటే మా ఊరివాళ్ళకు రాయని ప్రామిసరీ నోటు. అట్లని పద్యం మా ఊరిని బాగుచేసిందని చెప్పను. మా తాలూకాలో కక్షలు లేవా, నాటుబాంబులు లేవా? వేమన్న నోటికి వచ్చినవాళ్ళే వేటకొడవండ్లూ పట్టినారు. పద్యం అడ్డం పడిన సందర్భాలు ఉన్నాయి, పడని సందర్భాలు అంతకంటే ఎక్కువ. కానీ అడ్డం పడుతుందేమోనన్న జంకు ఒకటి ఉండేది.

ఆ జంకు మా ప్రాంతానికి చాలా పాతది. మాకు దగ్గర్లో, ఎర్రగుంట్ల పక్కన కలమళ్ళ ఉంది. రేనాటి చోళరాజు ధనంజయుడి శాసనం అక్కడి గుడి ఆవరణలో దొరికింది. తెలుగులో మనకు దొరికిన మొట్టమొదటి శాసనాల్లో అది ఒకటి, క్రీ.శ. 575 ప్రాంతానిది. అరిగిపోయిన ఆ నాలుగు ముక్కల్లో చివర మిగిలింది ఏమిటంటే పంచమహాపాతకాల ప్రస్తావన. అంటే ఈ మాట చెరిపినవాడికి పాపం తగులుతుందని. తెలుగు రాతలోకి ఎక్కిన తొలినాడే మాటకు కాపలాగా పాపభయాన్ని నిలబెట్టినారన్నమాట. చిన్నప్పుడు ఇది మాకెవరూ చెప్పలేదు. బడిలో మొగలు చక్రవర్తుల వరస మొత్తం నేర్పినారు, దగ్గర్లోనే ఉన్న రాయి సంగతి చెప్పలేదు.

కాలం చెడిపోయిందన్న ఫిర్యాదు కూడా మా దగ్గర కొత్తది కాదు. సంవత్సరంలో రెండు మూడు సార్లు కందిమల్లాయపల్లె వైపు నుంచి తత్వాలు పాడేవాళ్ళు వచ్చేవాళ్ళు. తంబూర, చిటితాళాలు, మెడలో రుద్రాక్షలు. జేజి వాళ్ళకు చేటలో జొన్నలు పోసి, "ఆ కాలగ్నానం చెప్పండి నాయనా" అని కూర్చునేది. పోతులూరి వీరబ్రహ్మంగారు రాబోయే కాలంలో ఏమేం చెడిపోతాయో చెప్పిన జాబితా వాళ్ళు ఊపిరి తిప్పకుండా పాడేవాళ్ళు. పెద్దా చిన్నా తేడా పోతుందట, మాట నిలవదట, గురువు శిష్యుణ్ణి అమ్ముకుంటాడట. ప్రతిదానికీ జేజి "అయింది, అదీ అయింది" అని వేళ్ళు మడిచేది. మూడు వందల ఏండ్ల కిందటి ఫిర్యాదులన్నీ ఆమెకు మా వీధిలోనే కనబడేవి. పాటలో విలువలు దిగజారుతున్నాయని బాధపడేవాళ్ళు ఈ సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకుంటే మంచిది. ఆ బాధే ఒకప్పుడు మనకు గొప్ప పాటైంది.

ఇంకొక సంగతి. ఆ తత్వాలు పాడేవాళ్ళు దూదేకుల సిద్దయ్య పేరు చెప్పకుండా పాట ముగించేవాళ్ళు కారు. బ్రహ్మంగారి ప్రియశిష్యుడు ఒక దూదేకుల సాయిబు. విశ్వబ్రాహ్మణ గురువు, ముసల్మాను శిష్యుడు. అది విన్నాక మా జేజికి దర్గా చక్కెర గురించి ఎవరికి మాత్రం సంజాయిషీ ఇవ్వాల్సిన పని?

బడికి వస్తే కథ కొంచెం మారుతుంది. మా అయివారు పద్యం బ్రహ్మాండంగా చదివేవాడు. సుమతి, వేమన, భాస్కర శతకం, పోతన. ఒంటిమిట్టే ఏకశిలానగరమనీ, పోతన మావాడేననీ ఆయన వాదన. ఓరుగల్లువాళ్ళ పేరెత్తితే బెత్తం వెదుక్కునేవాడు. భాగవతాన్ని రాజుకు కాక రాముడికి అంకితమిచ్చిన కథ చెప్పేటప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికేది. తాళ్ళపాక అన్నమయ్య సాళువ నరసింహరాయల మీద పాడనన్న కథ కూడా అంతే. అన్నమయ్య మనవడు చిన్నన్న తాత చరిత్ర రాసినాడు కాబట్టి మనకు తెలిసిందని చెప్పి, "మీ మనవళ్ళు మీ గురించి యేం రాస్తారురా?" అని అడిగేవాడు.

అదే అయివారు కులం మీద వేమన్న చెప్పిన పద్యం మా అందరిచేతా వల్లె వేయించేవాడు. అప్పట్లో హరిజనవాడ అనేవాళ్ళు, ఆ వాడ నుంచి వచ్చిన పిల్లలు కూడా మాతో కలిసే అరిచేవాళ్ళు. అరిచేది మాత్రం వెనక గోడ దగ్గర కూర్చుని. కుండలో నీళ్ళు వాళ్ళు ముంచుకోకూడదు, ఎవరైనా పోయాలి. వాళ్ళలో ఒకడికి నాకంటే బాగా పద్యం వచ్చేది. ఒక మధ్యాహ్నం వాడు అయివారి దగ్గరికి వచ్చి, "అయివారూ, ఈ పద్దెం మనకు వర్తించదా?" అన్నాడు. అంతే, ఎగతాళిగా కాదు, నిజంగా అడిగినాడు. అయివారు బదులు చెప్పలేదు. లెక్కల పుస్తకం తెరవమన్నాడు.

సుమతీ శతకంలో ఆడవాళ్ళ గురించీ కొన్ని కులాల గురించీ ఉన్న పద్యాలు ఈనాడు ఏ పిల్లచేతా చెప్పించలేము. చెప్పించకూడదు కూడా. ఆ కాలపు పద్యంలో ఉన్నదంతా నీతే అయితే గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' రాయాల్సిన పని లేదు. ఆకలితో ఉన్న ఒక అంటరానివాడు తన గోడు కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపినాడు. మనిషి గుడిలోకి పోలేడు, గబ్బిలం పోగలదు. జాషువా దేవుణ్ణి కాదనలేదు, నిలదీసినాడు. ఆ పుస్తకం మా బడిలో లేదు. ఉండి ఉంటే ఆ పిల్లవాని ప్రశ్నకు అయివారు లెక్కల పుస్తకం తీసేవాడు కాదేమో.

రాత్రిపూట పద్యానికి వేరే దర్జా. కోతలైనాక ఊర్లో 'సత్య హరిశ్చంద్ర' ఆడేవాళ్ళు. పెట్రోమాక్స్ లైట్లు, హార్మోనియం, అరువు తెచ్చిన జరీ కోట్లు. కాటిసీను వచ్చేసరికి తెల్లారేది. పగలు తూకంలో చేయి చూపించే అంగడాయన హరిశ్చంద్రుడి వేషం కట్టి, సత్యం కోసం పెండ్లాన్ని అమ్ముకునేటప్పుడు మనసారా ఏడ్చేవాడు. ముందు వరసలో కూర్చున్న ఆయన బాకీదారులు 'ఒన్స్ మోర్' అని కూడా అరిచేవాళ్ళు. నాకు ఆ వయసులో అది వింతగా అనిపించలేదు. ఆ రాత్రికి ఆయన హరిశ్చంద్రుడే. మర్నాడు తూకం సంగతి ఎత్తి, "రాత్రి పద్దెం మరిచిపోయినావా అన్నా?" అని ఆడవాళ్ళు అంగడి ముందర నిలబెట్టి అడిగేవాళ్ళు. ఆయన నవ్వి ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పోసేవాడు.

మా జిల్లాలో పద్యాన్నీ బతుకునూ ఒకటిగా చూసుకున్న మనుషులు ఆ తరానికి ఇంకా గుర్తున్నారు. జమ్మలమడుగులో పుట్టిన వావిలికొలను సుబ్బారావుగారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పండితుడిగా పనిచేసి, ఆ తర్వాత ఒంటిమిట్ట రాముడి గుడి కోసం టెంకాయచిప్ప పట్టుకుని బిచ్చమెత్తినారు. వాల్మీకి రామాయణాన్ని తెలుగులో రాసినాయన, ఆంధ్రవాల్మీకి అని పేరున్నాయన, చిప్ప పట్టుకుని ఇంటింటికీ తిరిగినారు. ఆ చిప్ప మీదే ఒక శతకం రాసినారు. 1936లో పోయినారు. ఆ చిప్పలో కానీ వేశామని చెప్పుకునే ముసలివాళ్ళను నేను చూసినాను. ప్రొద్దుటూరులో గడియారం వేంకటశేషశాస్త్రిగారు 1943లో 'శివభారతం' తెచ్చేనాటికి దేవుడి పక్కన దేశం వచ్చి కూర్చుంది. అదే ప్రొద్దుటూరులో అగస్త్యేశ్వరుడి గుడి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ పుట్టపర్తి నారాయణాచార్యులు 'శివతాండవం' కట్టినారు. ఆ పుట్టపర్తివారే 'మేఘదూతం' రాసినప్పుడు కాళిదాసు యక్షుణ్ణి పక్కనబెట్టి జైల్లో పడిన ఖైదీని నాయకుణ్ణి చేసుకున్నారు. భక్తి ఒక చేత్తో, తిరుగుబాటు ఒక చేత్తో రాసినారని అంటారు కొందరు. నాకు ఒక చెయ్యే కనబడుతుంది.

మా ఇంట్లోకి అవిశ్వాసం తెచ్చింది మా చిన్నాయన. కడప ఆర్ట్స్ కాలేజీలో చదువుకుంటూ, సెలవులకు వచ్చేటప్పుడు గుడ్డసంచిలో పత్రికలు తెచ్చేవాడు. శ్రీశ్రీ 'మహాప్రస్థానం' ఆ సంచిలోదే. 1968లో కడప నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) 'సంవేదన' పెట్టినాక అది కూడా. దిగంబర కవుల సంపుటి ఒకటి చాపకింద దాచి పెట్టినాడు. మా నాయన చూడనే చూసినాడు. రెండు పేజీలు తిప్పి, "ఇందుట్లో దేవుడూ లేడు, సిగ్గూ లేదు" అన్నాడు. చిన్నాయన, "దేవుడు లేకుంటే లేడు గానీ, నీతి ఉండాది సూడన్నా. కోపం యెవరి మీదనో సూడు" అన్నాడు. అన్నం చల్లారిపోయేదాకా సాగింది.

ఆ తగవులో నాకు పనికొచ్చింది ఇద్దరి మాటా కాదు, రారా మాట. ఆయన మార్క్సిస్టు, దేవుడితో పని లేదు. అయినా దిగంబర కవుల్ని మెచ్చుకోలేదు. బూతూ అరుపూ ఆగ్రహానికి కొలత కాదని ఆయన పట్టు. తమ పక్షం మనుషులని తూకంలో రాయి మార్చలేదు. నమ్మకం లేని ఆ మనిషి పద్యాన్ని అడిగిన ప్రశ్న మా జేజి అడిగినదే: ఈ మాట నువ్వు నిజంగా అంటున్నావా? మా జిల్లావాడే గజ్జెల మల్లారెడ్డి తెలుగువాళ్ళ భక్తి పొంగిపొర్లడాన్ని మురుగునీటి పథకంతో ముడిపెట్టి గేయం రాస్తే మా నాయన కూడా ఆపుకోలేక నవ్వినాడు. ఏకాదశి ఉపవాసం ఉన్న రోజే నవ్వినాడు.

తర్వాత కాలంలో ఏం జరిగిందో వేగంగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరికీ తెలిసిందే. పద్యం నోట్లోంచి ప్రశ్నపత్రంలోకి పోయింది. పాదం తప్పకుండా రాస్తే ఇన్ని మార్కులు, భావం రాస్తే ఇన్ని. తర్వాత ఇంగ్లీషు బడులొచ్చి ఆ మార్కులూ అక్కర్లేకుండా పోయినాయి. తత్వాలు పాడేవాళ్ళు రావడం తగ్గింది. క్యాసెట్లు వచ్చినాయి, సినిమా పాటల బాణీల్లో భక్తిగీతాలు వచ్చినాయి, ప్రతి గుడికీ మైకు వచ్చింది. ఇప్పుడు తెల్లారితే సెల్‌ఫోన్లో దేవుడి బొమ్మ, కింద నీతివాక్యం. పంపినాయన చదవడు, అందుకున్నాయన చూడడు.

కాబట్టి కవిత్వంలో దేవుడు తగ్గిపోయినాడన్న మాట నేను ఒప్పుకోను. ఇంతమంది దేవుళ్ళ మీద ఇన్ని శతకాలు, ఇన్ని పాటలు మా చిన్నతనంలో లేవు. ధూర్జటి కాళహస్తీశ్వరుడి ముందర నిలబడి రాజుల్ని దులిపేసిన శతకం రాసినాడు. ఇప్పుడు అదే శార్దూలమూ అదే మత్తేభమూ పట్టుకుని నాయకుడి పుట్టినరోజుకు పద్యాలు కట్టి, చివర్లో వేంకటేశ్వరుడి కటాక్షం కూడా కలిపి, శాలువా కప్పించుకుని వచ్చేవాళ్ళున్నారు. ఆ పద్యంలో గణాలు తప్పవు. భక్తి కూడా తక్కువేం కాదు. అన్నమయ్య కాదన్న పనిని అన్నమయ్య పేరుతోనే చేస్తున్నారు. మరోవైపు దేవుడి పేరెత్తని యువకవులు కొందరు ఎండిపోయిన బోర్ల గురించీ, వలసపోయిన ఊర్ల గురించీ, గోడ దగ్గర కూర్చోబెట్టిన పిల్లల గురించీ రాస్తున్నారు. వాళ్ళలో బలహీనమైన కవిత్వం చాలా ఉంది, నాకు తెలుసు. కానీ మా జేజి నిలబెట్టి అడిగితే బదులు చెప్పగలిగేది వాళ్ళే.

పోయిందల్లా ఆ నిలబెట్టి అడగడం. కవిని అడిగేవాళ్ళు లేరు, పద్యం చెప్పినవాణ్ణి అడిగేవాళ్ళు లేరు. శ్రోత చప్పట్లు కొట్టేవాడైపోయినాడు. వేదిక మీద వేమన్నను చదివినాయన కిందికి దిగి ఏం చేస్తాడో చూసే ఆడవాళ్ళు అంగడి ముందర లేరు. దీనికి ఒక్క కవుల్నే తిట్టి లాభం లేదు. మనం వినడం మానేసినాం.

సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, పండితులు చులకనగా చూసిన వేమన పద్యాల్ని రాతప్రతులన్నీ వెదికించి పోల్చి చూసి 1829లో అచ్చు వేయించినాడు. మన మతంవాడు కాదు, మన దేశంవాడు కాదు. జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పూనుకుని ఆయన పేరిట కడపలో గ్రంథాలయం కట్టించినారు. తాళపత్రాలూ పాత పుస్తకాలూ చూడాలనుకునేవాళ్ళు అక్కడికి పోవచ్చు. నోట్లో ఉన్నవి మాత్రం అక్కడికి నడిచి పోలేవు. కమలాపురం, ఎర్రగుంట్ల, మైదుకూరు, బద్వేలు పల్లెల్లో తత్వాలూ చెక్కభజన పాటలూ పీర్ల పండగ పాటలూ వచ్చిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో అట్లాంటివాళ్ళుంటే ఈ సంక్రాంతికి పోయినప్పుడు ఫోను పక్కన పెట్టి పాడించండి. పాటతోపాటు ఎవరు నేర్పినారో, ఏ సందర్భంలో ఎవరిమీద వాడినారో కూడా చెప్పించుకోండి. పాడినాక మిమ్మల్ని ఏమైనా అడిగితే బదులు చెప్పండి.